ఫోన్లన్నీ అత్తయ్య ఒళ్లోనే

వేసవి సెలవుల్లో మళ్లీ చెన్నై వైపు వినోద పార్కుకు వెళ్దామన్న మాట ఇంట్లో లేచింది. తీసుకెళ్లాల్సిన వస్తువుల చీటీలో నేను "వాకీటాకీలు, చార్జరు" అని రాయడం మా వదిన కంట పడింది. వదిన అంటే మా ఆయన అక్క. ఒంగోలులో ఉంటుంది, మాట సూటిగా ఉంటుంది. "చేతిలో ఫోన్లు ఉండగా ఈ పోలీసు డబ్బాలు దేనికి? మనం వెళ్లేది విహారానికా, బందోబస్తుకా?" అంది. అందరూ నవ్వారు. నవ్వాల్సిన మాటే. కానీ ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది: పార్కులో ఫోను చేతిలోనే ఉంటుందని. నా అభ్యంతరమంతా అక్కడే.

నాకు యంత్రాల మీద మోజు లేదు. కొత్త ఫోను కొన్న ప్రతిసారీ పాతదానిలోని నంబర్లు ఇందులోకి ఎక్కించమని మా అమ్మాయిని బతిమాలుకునే మనిషిని. వాకీటాకీ కనబడగానే ముఖం వెలిగిపోయే మగవాళ్లు కొందరుంటారు, మా ఇంట్లోనే ఇద్దరున్నారు. వాళ్ల ఉత్సాహం నా వాదనకు మేలు కన్నా చెరుపే ఎక్కువ చేసింది. అయినా ఈ విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. పార్కుకు వెళ్లే కుటుంబానికి వాకీటాకీ కావాల్సింది తిరిగేవాళ్ల కోసం కాదు, కూర్చునేవాళ్ల కోసం. పిల్లలు తప్పిపోకుండా ఉండాలని కొంటున్నామని అందరూ అంటారు. అమ్మే డబ్బా మీది బొమ్మలోనూ పిల్లలే ఉంటారు. ఆ బొమ్మలోకి ఎక్కని మనిషి ఒకరున్నారు.

సంచుల దగ్గర మనిషి

మా ప్రయాణాల తీరు మన వైపు చాలామందికి తెలిసిందే. కావలి నుంచి చెన్నై దాటి అవతలికంటే 250 కిలోమీటర్ల పైమాట. తెల్లవారకముందే బండి మాట్లాడుకుని బయలుదేరడం, నాయుడుపేట దాటాక ఎక్కడో ఇడ్లీలు, తడ దగ్గర రాష్ట్రం దాటగానే పిల్లల కేకలు. బయటి తిండి లోపలికి రానివ్వరని తెలిసినా వెనక సీటు కింద పులిహోర గిన్నె ఉండి తీరుతుంది. ఇదివరకు మాకు పార్కులంటే చెన్నైలో సముద్రం పక్కగా పోయే ఈసీఆర్ రోడ్డు మీది వీజీపీ, ఎంజీఎం. వండర్లా పార్కు 2016లో హైదరాబాదుకు వచ్చినా అది మాకు దూరాభారం. 2025 డిసెంబరులో చెన్నై ఓఎంఆర్ రోడ్డు వైపు ఇల్లలూరులో కూడా తెరవడంతో మా చుట్టాల్లో ఈ ప్రయాణాలు మరీ పెరిగాయి. ఏ పార్కయినా నేను చెప్పబోయేది మారదు.

లోపలికి వెళ్లాక ఒక గంటసేపు అందరం కలిసే ఉంటాం. ఆ తర్వాత చీలిక మొదలవుతుంది. పెద్దపిల్లలకు తలకిందులుగా తిప్పేవి కావాలి. చిన్నవాళ్లు ఎత్తు చాలక గేటు దగ్గర కొలత గీత కింద నిలబడి ముఖం ముడుచుకుంటారు. చాలాచోట్ల పెద్ద రైడ్లు ఎక్కాలంటే 140 సెంటీమీటర్లు ఉండాలి. మగవాళ్లకు అలల కొలను కావాలి. నీళ్లలోకి దిగే ముందు ఫోన్లు, కళ్లజోళ్లు, గడియారాలు, మెడలో గొలుసులు అన్నీ ఒక సంచిలోకి పోతాయి. ఆ సంచి మా అత్తయ్య ఒళ్లోకి పోతుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఎండలో నడవలేదు, నీళ్లలోకి దిగదు, కాబట్టి ఆమె కూర్చుంటుందని ఎవరూ అడగకుండానే అందరికీ తెలుసు.

మా మరిది కొడుకు చురుకైనవాడు. బండిలో ఉండగానే అందరి చేతా ఫోన్లలో లైవ్ లొకేషన్ పెట్టించాడు. ఇక ఎవరూ తప్పిపోయే ప్రసక్తే లేదన్నాడు. మధ్యాహ్నం భోజనం వేళకు మనుషులను పోగుచేయాల్సి వచ్చి, ఆ సంచిలోంచి నా ఫోను తీసి చూశాను. చుక్కలన్నీ ఒకేచోట ఉన్నాయి. ఇంటిల్లిపాదీ అత్తయ్య ఒళ్లోనే ఉన్నారు.

అది నవ్వుకునే సంగతి. నవ్వుకోలేని సంగతి సాయంత్రం తెలిసింది. ఆమెకు ఇచ్చిన నీళ్ల సీసా మూత కూడా తీయలేదు. ఎండలో అన్ని గంటలు గుక్కెడు నీళ్లు తాగకుండా ఎలా ఉన్నావు అత్తయ్యా అంటే, "తాగితే లేవాల్సొస్తుంది కదమ్మా. లేస్తే ఈ సంచులు ఎవరు చూస్తారు? మీరెవరైనా వచ్చి నేను కనబడకపోతే కంగారు పడరూ?" అంది. ఫిర్యాదుగా కాదు, లెక్క చెప్పినట్టు చెప్పింది. అన్ని ఫోన్లు ఒళ్లో పెట్టుకుని ఎవరికీ ఫోను చేయలేని పరిస్థితి ఆమెది. ఎవరికని చేస్తుంది, మోగేది ఆమె సంచిలోనే.

దీనికి మా ఆయన చెప్పిన విరుగుడు లాకరు. మంచి ఆలోచనే. డబ్బు కడితే సంచి లోపల పెట్టి తాళం వేసుకోవచ్చు. ఆ తర్వాత అలాగే చేశాం కూడా. లాకరు సంచి సమస్యను తీర్చింది, మనిషి సమస్యను తీర్చలేదు. అత్తయ్య మోకాళ్లు లాకరులో పట్టవు. ఆమె ఎక్కడో ఒకచోట కూర్చోవాలి, మేము వస్తామని ఎదురుచూడాలి, వచ్చేదాకా కదలకూడదు. పైగా ఇప్పుడు ఒళ్లో ఫోన్లు కూడా లేవు. ఆమె ఫోను ఆమె దగ్గరే ఉన్నా, మా ఫోన్లు లాకరులో ఉన్నంతసేపూ అది గడియారంగా తప్ప పనికిరాదు.

ఇద్దరి మాట, అందరి మాట

ఫోనుకూ రేడియోకూ, అంటే ఈ వాకీటాకీకీ, తేడా సిగ్నల్‌లో ఉందనుకుంటాం. సెలవు రోజుల్లో గుంపులో నెట్‌వర్క్ అందకపోవడం, చార్జింగు అయిపోవడం నిజమే, కానీ నాకు అవి పెద్ద కారణాలుగా తోచలేదు. రోజూ అవస్థ పడుతూనే ఉన్నాం, అలవాటైపోయింది. అసలు తేడా ఎంతమంది వింటారన్నది. ఫోను మాట ఇద్దరి మధ్య ఉంటుంది. భోజనం మర్రిచెట్టు దగ్గర కాదు, క్యాంటీను మెట్ల దగ్గర అని మార్చాలంటే నేను మా ఆయనకు చేయాలి, ఆయన తమ్ముడికి చేయాలి, తమ్ముడు తోడికోడలికి చేయాలి, చివరికి అత్తయ్యకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారని అందరూ అనుకోవాలి. ఆ అనుకోవడం దగ్గరే ఆమె మిగిలిపోతుంది. కుటుంబం వాట్సాప్ గ్రూపులో రాస్తే సరిపోదా అంటారు. రాస్తే సరిపోదు, చదవాలి. తడిచేతులతో, ఎండలో తెర కనబడక, ఎవరు చదువుతారు? మా అత్తయ్యకు చదవడానికి కళ్లజోడు కావాలి. అది పెట్టుకోవాలని ఆమెకు తోచాలి, అంటే ముందు ఫోను మోగినట్టు వినబడాలి.

రేడియోలో ఒకరు బటన్ నొక్కి మాట్లాడితే అదే చానల్‌లో ఉన్న సెట్లన్నీ ఒకేసారి పలుకుతాయి. ఎవరికి చెప్పాం, ఎవరికి మరిచిపోయాం అన్న లెక్క ఉండదు. కూర్చున్న మనిషి ఏమీ నొక్కకుండా, ఏమీ అడగకుండా ఎవరెక్కడ ఉన్నారో వింటూ ఉంటుంది. పెద్దపిల్లలు ఇంకా వరుసలోనే ఉన్నారు, చిన్నవాడు తిండికి పేచీ పెడుతున్నాడు, ఇంకో అరగంట పడుతుంది. ఈ చిల్లర కబుర్లే ఆమెకు కావాల్సినవి. వీటికోసం ఫోను చేసి "ఎక్కడున్నారు?" అని అడగడానికి ఆమెకు మొహమాటం. అడిగితే మన సరదాకు అడ్డం వచ్చినట్టు ఆమె అనుకుంటుంది, అడగకపోతే భయపడుతుంది.

ఇంకా ముఖ్యమైంది రెండోవైపు. "నేను కాస్త లేచి బాత్రూముకు వెళ్లొస్తున్నాను, పావుగంటలో ఇక్కడే ఉంటాను" అని ఆమె ఒక్కసారి బటన్ నొక్కి చెప్పగలిగింది. అందరికీ ఒకేసారి తెలిసింది. నాకు ఈ డబ్బాల వల్ల కనబడిన పెద్ద లాభం ఇదే. నీళ్ల సీసా ఖాళీ అయింది.

ఇంకో గుణం కూడా చెప్పాలి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు మధ్యలో దూరలేరు, ముగించేదాకా వినాల్సిందే. మా ఇంట్లో దీన్ని ఇప్పటిదాకా ఏ పెద్దమనిషీ సాధించలేకపోయాడు.

అమెరికా పెట్టెలోంచి వచ్చినవి

మొదట ఈ సెట్లు మాకు ఊరికే వచ్చాయి. డాలస్‌లో ఉండే మా చిన్న మరిది సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక జత తెచ్చాడు. అక్కడ ఈ అలవాటు పాతదే. 1996లో వాళ్ల ప్రభుత్వం లైసెన్సు అక్కర్లేని కుటుంబ రేడియో సేవను అనుమతించింది, మరుసటి సంవత్సరమే మోటరోలా వాళ్ల టాకబౌట్ సెట్లు వచ్చాయి. చేతిఫోన్లు ఇంకా ఖరీదుగా ఉన్న రోజులు కాబట్టి ఫ్లోరిడాలో డిస్నీ పార్కులకు వెళ్లే కుటుంబాలు నడుముకు ఇవి తగిలించుకుని తిరిగేవి. తర్వాత సెల్‌ఫోన్లు చౌకయ్యాక చాలామంది మానేశారని, తను మాత్రం పిల్లలతో వెళ్లినప్పుడు ఇప్పటికీ వాడతానని మరిది అన్నాడు.

వాటిని నేను పార్కుకు తీసుకెళ్లనివ్వలేదు. దీని మీద ఇంట్లో పెద్ద వాదనే నడిచింది. ఆ సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్‌ల దగ్గర పనిచేస్తాయి. అమెరికాలో వాటికి లైసెన్సు అక్కర్లేదు. మన దేశంలో ఆ పౌనఃపున్యాలకు, అంటే ఫ్రీక్వెన్సీలకు, అలాంటి మినహాయింపు లేదు. ఇక్కడ ఇలాంటి చేతి సెట్లకు లైసెన్సు లేకుండా వాడుకోమని 2018 అక్టోబరులో వదిలింది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న సన్నని పట్టీ. యూరప్‌లో ఎప్పటినుంచో వాడుతున్నది అదే. "పార్కులో మనల్ని ఎవరు పట్టుకుంటారు వదినా?" అని మరిది అన్నాడు. బహుశా ఎవరూ పట్టుకోరు. కానీ ఆ పౌనఃపున్యం మీద ఇక్కడ ఎవరికి లైసెన్సు ఇచ్చారో, వాళ్లు దాన్ని ఏ అవసరానికి వాడుకుంటున్నారో మనం చూడలేం. మన పిల్లలు "పాప్‌కార్న్ తేవాలా?" అనే మాట ఎవరి పని మాటకు అడ్డం పడుతుందో తెలియదు. మా నాన్న బిట్రగుంటలో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆ ఉద్యోగాన్ని 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. బండి నడిపేవాళ్ల రేడియోలో పనికిరాని కూత వస్తే ఏమవుతుందో వింటూ పెరిగినదాన్ని, నాకు "ఎవరు పట్టుకుంటారు" అన్నది వాదనగా ఆనదు. మరిది కాస్త నొచ్చుకున్నాడు. సెట్లు ఇప్పటికీ బీరువా మీద ఉన్నాయి.

ఇక్కడ కొనుక్కునేవాళ్లు చూడాల్సింది రెండే. పౌనఃపున్యం 446 పట్టీలో ఉందా, పరికరానికి ప్రభుత్వ ఆమోదం, అంటే ఈటీఏ ఉందా. ఆన్‌లైన్‌లో ఈ వివరాలేవీ రాయకుండా పెద్ద పెద్ద సెట్లను బొమ్మల్లా అమ్మేశారు. 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసులు ఇచ్చి, వీటి అమ్మకానికి మార్గదర్శకాలు తెచ్చింది కూడా ఆ కారణంగానే. ఐదు వాట్లు, పది వాట్లు అని గొప్పగా రాసి చౌకగా వస్తుంటే సంతోషించకండి. ఈ పట్టీలో కుటుంబ సెట్టుకు అర వాటు చాలు, అంతకు మించి ఉండకూడదు.

అర వాటుతో ఎంత దూరం వినబడుతుందన్నది డబ్బా మీద చూసి నమ్మేది కాదు. అక్కడ రాసిన కిలోమీటర్లు మధ్యలో అడ్డేమీ లేనప్పటి మాట. మేము ఇక్కడ వేరే సెట్లు కొన్న కొత్తలో తుమ్మలపెంట సముద్రం ఒడ్డున ప్రయత్నించాం. మా ఆయన ఇసుకలో నడుస్తూ నడుస్తూ చీమంత అయ్యేదాకా వెళ్లినా పక్కన నిలబడి మాట్లాడినట్టే ఉంది. అవే సెట్లు కావలి ట్రంకు రోడ్డు మీద నాలుగు మేడలు అడ్డం వచ్చేసరికి గరగరలాడాయి. పార్కు ఈ రెండింటికీ మధ్య ఉంటుంది. ఇనుప చట్రాలు, కాంక్రీటు గోడలు, నీళ్లు, వేలమంది మనుషులు ఈ తరంగాలను మింగేస్తారు. అయినా మేము వెళ్లిన పార్కు ఒక కొస నుంచి ఇంకో కొసకు పని జరిగింది. వినబడని చోట పది అడుగులు పక్కకు జరిగితే వినబడుతుంది. అది అత్తయ్యకు చెప్పడం కష్టం కాబట్టి జరగాల్సింది మేమేనని నియమం పెట్టుకున్నాం.

మరి రైడ్ ఎక్కేటప్పుడు ఈ సెట్టు మాత్రం ఎలా తీసుకెళ్తారు, అదీ బయట పెట్టాల్సిందే కదా అని మా వదిన అడిగింది. సరైన ప్రశ్న. చేతిలో, జేబులో ఏమీ ఉండకూడదంటారు, సెట్టుకూ అదే వర్తిస్తుంది. కానీ ప్రతి గుంపులోనూ ఎక్కని మనిషి ఒకరుంటారు. కళ్లు తిరిగేవాళ్లో, ఎత్తు చాలనివాడి చేయి పట్టుకుని నిలబడేవాళ్లో, భయపడి చివరి నిమిషంలో వరుసలోంచి బయటికి వచ్చేవాళ్లో. మా గుంపులో తరచూ అది నేనే. సెట్టు ఆ మనిషి దగ్గర ఉంటే చాలు. ఎక్కినవాళ్లతో ఎవరికీ పని లేదు, వాళ్లు అరుస్తూ ఉంటారు.

గార్డు గారి పద్ధతి

సెట్లు చేతికి రాగానే పిల్లలు చేసిన మొదటి పని కూత బటన్ కనిపెట్టడం. అది నొక్కితే అందరి సెట్లలోనూ పక్షి అరిచినట్టు మోగుతుంది. గంటసేపు అదే వైభవం. అప్పుడు మా నాన్న రంగంలోకి దిగారు. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు చేతిలో జెండాలు, దీపం, ఈల. చివరి సంవత్సరాల్లో 5 వాట్ల వాకీటాకీ ఇచ్చారు. ఆయన నేర్పినవి కొన్నే. మాట్లాడేముందు విను. ఎవరిని పిలుస్తున్నావో ముందు చెప్పు, నువ్వెవరో తర్వాత చెప్పు. బటన్ నొక్కి ఒక క్షణం ఆగి మొదలుపెట్టు, మాట పూర్తయ్యాక ఒక క్షణం ఆగి వదులు. విన్నవాళ్లు విన్నదాన్ని తిరిగి చెప్పాలి.

ఆ చివరిది పిల్లలకు వేళాకోళంగా ఉండేది, మా చిన్నవాడి వల్ల విలువ తెలిసేదాకా. "నాయనమ్మా, ఇటువైపు రావద్దు, అంతా పాకుడుగా ఉంది" అనాల్సింది వాడు తొందరలో బటన్ వదిలేశాడు. నాయనమ్మకు వినబడింది "ఇటువైపు రా" వరకే. ఆమె బయలుదేరింది. "వస్తున్నా నాన్నా, ఇటువైపే" అని తిరిగి చెప్పడం వల్ల నేను అందుకుని ఆపగలిగాను. మన భాషలో వద్దనేది మాట చివర్లో వస్తుంది కాబట్టి తెలుగువాళ్లు బటన్ ఆలస్యంగా వదలడమే క్షేమం.

బటన్ అసలు వదలకపోతే ఇంకో రకం వినోదం. మా ఆయన సెట్టు ప్యాంటు జేబులో తాళాలకు నొక్కుకుపోయింది. చిన్నపిల్లలతో వరుసలో నిలబడ్డామని అప్పుడే చెప్పిన అన్నదమ్ములు ఇద్దరూ టీ కప్పులు చప్పుడు చేసుకుంటూ రొయ్యల కౌంటు ధర పడిపోవడం గురించి, అల్లూరు వైపు ఎవరిదో చెరువు లీజు గురించి తీరుబడిగా మాట్లాడుకోవడం మాకందరికీ ప్రసారమైంది. మధ్యలో ఆపుదామన్నా కుదరదు, ఒక సెట్టు బటన్ నొక్కి ఉంటే మిగతావాళ్ల మాట అక్కడికి చేరదు. అత్తయ్య మాత్రం ఆసక్తిగా విన్నది. లీజు సంగతి ఆమెకు అంతవరకు ఎవరూ చెప్పలేదట.

నవ్వొచ్చినా దీనిలో ఒక హెచ్చరిక ఉంది. ఈ మాట ఎవరైనా వినవచ్చు. ఒక మధ్యాహ్నం మా చానల్‌లోకి తమిళంలో ఒక పిల్లవాడి గొంతు వచ్చింది, వాళ్లమ్మ కోసం. మరోచోట ఉన్న ఇంకో కుటుంబం. మేము చానల్ మార్చుకున్నాం. సెట్లలో రహస్య కోడ్ అని ఒకటి ఉంటుంది. అది పెట్టుకుంటే వేరేవాళ్ల మాటలు మనకు వినబడకుండా పోతాయే తప్ప, మన మాటలు వాళ్లకు వినబడకుండా పోవు. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. అందుకే పిల్లల పూర్తి పేర్లు, కారు ఎక్కడ పెట్టాం, ఏ లాకరు, ఎవరు ఒంటరిగా ఉన్నారు అనేవి రేడియోలో చెప్పకూడదని పెట్టుకున్నాం. అత్తయ్యను మేం పిలిచే పేరు "స్టేషను". అది ఆమే ఎంచుకుంది.

మరి పిల్లల సంగతి?

ఇక్కడ నా వాదన బలహీనమని తెలుసు. ఈ డబ్బాలు కొనేవాళ్లలో ఎక్కువమంది పిల్లలు తప్పిపోతారన్న భయంతోనే కొంటారు, నేనేమో అది ముఖ్యం కాదంటున్నాను. ఆరేళ్ల పిల్ల చేతికి సెట్టు ఇస్తే ఆ పిల్ల ముందు సెట్టును పారేసుకుంటుంది, తర్వాత తను తప్పిపోతుంది. భయపడిన పిల్లకు ఏ బటన్ నొక్కాలో గుర్తుండదు. నెల్లూరులో రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గర లక్షల జనంలో తిరిగినవాళ్లకు తెలుసు, అక్కడ పిల్లలు దొరికేది మైకు వల్ల. పిల్ల చొక్కా రంగు చెప్పి, ఫలానా చోట ఉందని పదేపదే పిలుస్తారు. పార్కులోనూ అంతే. చిన్నపిల్ల చేతి మీద పెన్నుతో ఫోను నంబరు రాసి, "తప్పిపోతే ఉన్నచోటే ఉండు, యూనిఫాం వేసుకున్న వాళ్లకు చేయి చూపించు" అని నేర్పడం ఏ రేడియో కన్నా నమ్మకమైంది. కాకపోతే ఆ నంబరు లాకరులో మోగే ఫోనుది కాకూడదు. కూర్చున్న మనిషి దగ్గర ఉండేది కావాలి. మళ్లీ అత్తయ్య దగ్గరికే వచ్చాం.

పెద్దపిల్లల విషయం వేరు, అక్కడే నాకు నిజమైన చిక్కు. మా అమ్మాయికి పదిహేనేళ్లు. "అమ్మా, ఫోను అయితే ఎత్తకుండా ఉండొచ్చు. ఇది నడుముకు కట్టిన తాడు" అంది. ఆమె అన్నది అబద్ధం కాదు. ఫోను నుంచి పార్కులో దొరికే ఆ కాసేపు సెలవును కూడా నేను రేడియోతో లాగేసుకున్నానని ఆమె కోపం. దానికోసం ఒక నియమం చేశాను: కూర్చున్నవాళ్లు తమ సంగతి చెప్పవచ్చు కానీ "ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు" అని అడగకూడదు. తిరిగేవాళ్లే చెప్పాలి. వినడానికి బాగుంది. అమలులో అత్తయ్య దాన్ని పావుగంట కూడా నిలబెట్టలేదు. "స్టేషను పిలుస్తోంది, తిన్నారా?" అన్నది ప్రశ్న కాదట, ప్రేమట.

మా నాన్నదీ ఒక అభ్యంతరం ఉంది, అది అందరికన్నా గట్టిది. ఒంటిగంటకు ఫలానా చోట, నాలుగింటికి ఫలానా చోట అని ముందే అనుకుని, మాట మీద నిలబడితే ఏ డబ్బాలూ అక్కర్లేదంటారు. ముప్పై ఏళ్లు టైంటేబుల్ మీద బతికిన మనిషి అలాగే అంటారు. మేము వేళలు ఇప్పటికీ పెట్టుకుంటాం. సెట్టులో బ్యాటరీ అయిపోవచ్చు, చానల్ మారిపోవచ్చు, ఒంటిగంట ఎక్కడికీ పోదు. కానీ ఆయన అనే ఆ పద్ధతిలో వేళకు ముందూ వెనకా ఉన్న సమయమంతా కూర్చున్న మనిషిదే. మేము అరగంట ఆలస్యమైతే ఆ అరగంట ఆమె ఎండలో లెక్కపెట్టుకోవాలి, ఎందుకు ఆలస్యమైందో తెలియకుండా. వరుస పెరిగిందా, పిల్లవాడు పడ్డాడా? బండి ఎంత ఆలస్యమో స్టేషనులో చెప్పకపోతే ప్రయాణికులు ఏమంటారో నాన్నకు తెలుసు. ఆ మాట అంటే ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు కూడా.

వదినకు నేను చెప్పాల్సింది ఇంతే. ఈసారి ఆమె కూడా మాతో వస్తోంది, కొత్తగా మోకాలు పట్టేసిందట. అత్తయ్య పక్కన బెంచీ మీద ఆమెకూ చోటుంటుంది. చీటీలో రాసినది కొట్టేయలేదు. మా అమ్మాయితో మాత్రం ఒప్పందం కుదిరింది: మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఆమె సెట్టు ఆపేసుకోవచ్చు, ఎవరూ కారణం అడగకూడదు. గంట చాలదని ఆమె అంటోంది, ఇంకా బేరం నడుస్తోంది.